పుట్టినతేదీతో పేచీ పెట్టుకున్న పెద్దమనిషి – క్లాడ్ పెప్పర్



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. గాంధీగారి గురించీ, ప్రకాశం పంతులుగారి గురించీ నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. అందుచేత వారి జోలికి పోకుండా, తన దేశంలో ఎంతో పేరున్నా మనవైపు అంతగా తెలియని ఒక అమెరికా పార్లమెంటు సభ్యుని కథ రాస్తున్నాను. ఆయన పేరు క్లాడ్ పెప్పర్. 1989లో, 88 ఏళ్ల వయసులో కాలం చేశారు. కన్నుమూసే రోజుకు కూడా ఆయన సభ్యుడే. మన బోటివాళ్లు తెలుసుకోవలసిన మనిషి అని ఎందుకంటున్నానో ముందు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేనూ, మా ఇంటావిడా అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాం. అక్కడి సరుకుల దుకాణంలో డబ్బు కట్టేచోట ఒక ముసలాయన సామాను సంచుల్లో సర్దుతూ ఉండేవాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మా ఆవిడకు జాలేసింది. నాకు మాత్రం సందేహం కలిగింది. ఈయన ఇష్టపడి పని చేస్తున్నాడా, గతిలేక చేస్తున్నాడా? అల్లుణ్ణి అడిగితే, కారణం ఏదైనా, వయసు మీరిందని ఆయన్ని పొమ్మనడానికి ఆ దేశపు చట్టం ఒప్పుకోదని చెప్పాడు. 58 నిండిన నెల ఆఖరు రోజు సాయంత్రం శాలువా కప్పించుకుని, పూలదండ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చిన నాకు ఆ మాట వింతగా తోచింది. ఆ చట్టం ఎవరు తెచ్చారా అని ఊరి లైబ్రరీలో వెతుకుతుంటే ఈ పెప్పర్ దొరికారు. తర్వాత ఆయన గురించి దొరికినంతా చదివాను.

పల్లెటూరి పిల్లవాడు

పెప్పర్ 1900 సెప్టెంబరు 8న అలబామా రాష్ట్రంలో డడ్లీవిల్ అనే పల్లె దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. ఆ దక్షిణాది రాష్ట్రాలు అప్పటికి బాగా వెనకబడినవి. పత్తి సేద్యం, అప్పులు, నల్లవారిపట్ల కఠినమైన వివక్ష, ఇదీ అక్కడి బతుకు. ఆయన కొంతకాలం బడిపంతులుగా, కొంతకాలం ఉక్కు కర్మాగారంలో కార్మికుడుగా పనిచేసి విశ్వవిద్యాలయంలో చేరారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విద్యార్థి సైనిక శిక్షణలో ఉండగా బరువులెత్తి హెర్నియా తెచ్చుకున్నారు. ఆ దెబ్బకు ప్రభుత్వం ఇచ్చిన సాయంతోనే ప్రసిద్ధమైన హార్వర్డ్ న్యాయ కళాశాలలో చదివి 1924లో పట్టా పుచ్చుకున్నారు. ప్రభుత్వపు సొమ్ము సరైనచోట పడితే ఒక బీదవాని జీవితం ఎలా మారుతుందో ఆయనకు పుస్తకాలు చెప్పనక్కర్లేకపోయింది.

1925లో ఫ్లోరిడా రాష్ట్రంలోని పెర్రీ అనే చిన్న పట్టణానికి వచ్చి ప్రాక్టీసు పెట్టారు. 1929లో ఆ రాష్ట్ర శాసనసభలో కూర్చున్నారు. అక్కడ ఆయన పెట్టిన మొదటి బిల్లు ఏమిటో వింటే నవ్వొస్తుంది. 65 ఏళ్లు దాటినవారు లైసెన్సు రుసుము లేకుండా చేపలు పట్టుకోవచ్చు అని. అప్పటికి ఆయన వయసు 28. ముసలివాళ్ల మీద అంత చిన్న వయసులో ధ్యాస ఎందుకు కలిగిందో గాని, చివరిదాకా అది వదలలేదు.

మరుసటి ఎన్నికలో ఓడిపోయారు. దానికొక కారణం ఉంది. అప్పటి దేశాధ్యక్షుని భార్య శ్రీమతి హూవర్, నల్లజాతి ప్రతినిధి భార్యను తక్కిన ప్రతినిధుల భార్యలతోపాటు వైట్‌హౌస్‌లో తేనీటి విందుకు పిలిచారు. అది తప్పని ఫ్లోరిడా శాసనసభలో అభిశంసన తీర్మానం పెట్టారు. పెప్పర్ దాన్ని వ్యతిరేకించారు. ఓటర్లకు అది నచ్చలేదు.

సెనేటు పద్నాలుగేళ్లు

ఇక్కడ వారి ఎన్నికల పద్ధతి రెండు మాటల్లో చెప్పాలి. అమెరికా పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. అందులో సెనేటు పెద్ద సభ, ఆరేళ్ల గడువు. ప్రతినిధుల సభ మన లోక్‌సభ వంటిది గాని గడువు రెండేళ్లే. ఒక పార్టీ అభ్యర్థి ఎవరో ముందుగా ప్రజలే ఓటు వేసి తేలుస్తారు. దాన్ని ప్రైమరీ అంటారు. ఆనాటి దక్షిణాదిలో డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలో గెలిస్తే అసలు ఎన్నికలో గెలిచినట్టే.

పెప్పర్ 1934లో, 33 ఏళ్ల వయసులో, పదవిలో ఉన్న సెనేటర్ మీద ప్రైమరీలో నిలబడి సుమారు నాలుగు వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. అవకతవకలు జరిగాయని అనుచరులు గోల చేసినా ఆయన తగవులాటకు దిగలేదు. ఆ పెద్దరికం గుర్తుండిపోయింది. 1936లో ఫ్లోరిడా సెనేటర్లిద్దరూ నెలన్నర లోపులోనే వరసగా మరణించారు. ఒక స్థానానికి పెప్పర్ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఆ ఏడాది చివరిలోనే మిల్డ్రెడ్ అనే ఆమెను పెళ్లాడారు. వారికి పిల్లలు లేరు.

సెనేటులో ఆయన అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు కుడిభుజం. కనీస వేతనాల బిల్లు ప్రతినిధుల సభ కమిటీలో నెలల తరబడి కదలకుండా పడి ఉంది. 1938 మే నెలలో పెప్పర్ ఆ బిల్లును బాహాటంగా సమర్థిస్తూ ఫ్లోరిడా ప్రైమరీలో నెగ్గారు. దక్షిణాదిలోనే దానికి ఓట్లు పడుతున్నాయని తెలియగానే, బిల్లును కమిటీ నుంచి బయటికి రప్పించే అర్జీ మీద కొన్ని గంటల్లోనే కావలసిన సంతకాలన్నీ పడ్డాయి. గంటకు 25 సెంట్ల కనీస వేతనంతో ఆ చట్టం జూన్‌లో వచ్చింది. ఒక మనిషి గెలుపు మూలపడిన ఫైలును అలా కదిలించింది. ఫైళ్లతో జీవితం గడిపిన మనకు దాని విలువ తెలుసు.

1940లో హిట్లర్ యూరపును మింగుతుంటే, బ్రిటన్‌కు సాయం చేయాలనీ, సైన్యంలో నిర్బంధంగా చేర్చుకోవాలనీ అందరికంటే ముందు వాదించినవారిలో ఆయన ఒకరు. అది గిట్టని కొందరు స్త్రీలు పార్లమెంటు భవనం ఎదుట ఆయన దిష్టిబొమ్మను ఉరితీశారు. ఆ బొమ్మను ఆయన తన వస్తువులతో పాటు భద్రపరిచారు.

ఆయన లోపాలూ రాయాలి. 1938లో నల్లవారిని మూకలుగా చేరి చంపే దురాగతాన్ని అరికట్టే బిల్లు వచ్చినప్పుడు, తక్కిన దక్షిణాది సెనేటర్లతో కలిసి ఆయనా అడ్డుపడ్డారు. శాసనసభలో తేనీటి విందు విషయంలో చూపిన ధైర్యం ఇక్కడ చూపలేదు. తర్వాత ఓటుహక్కుకు అడ్డమైన పోల్ టాక్సును తీసెయ్యాలని బిల్లు పెట్టారు. 1964లో పౌరహక్కుల చట్టానికి ఓటు వేసిన అతి కొద్దిమంది దక్షిణాది డెమోక్రాట్లలో ఆయన ఒకరు. మనిషి మారాడు. మారడానికి పాతికేళ్లు పట్టింది.

1950 ఓటమి

యుద్ధం ముగిశాక 1945లో ఆయన మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. రష్యాతో సఖ్యంగానే ఉండవచ్చని తిరిగొచ్చి చెప్పారు. అధ్యక్షుడు ట్రూమన్ విదేశాంగ విధానాన్ని విమర్శించారు. 1948లో ట్రూమన్‌కు బదులు మరొకరిని నిలబెట్టాలని తంటాలు పడ్డారు. అందరికీ వైద్య బీమా ఉండాలన్న మాట వైద్యులకు నచ్చలేదు. కార్మికుల పక్షం షావుకార్లకు నచ్చలేదు. స్టాలిన్‌ను నమ్మడం తెలివితక్కువ పని అని చరిత్ర తేల్చింది.

1950 ప్రైమరీలో ఆయనమీద జార్జి స్మాథర్స్ అనే యువకుడు నిలబడ్డాడు. వృత్తిలో పైకి రావడానికి అతనికి ఒకప్పుడు చేయూతనిచ్చింది పెప్పరే. కమ్యూనిస్టు అనుమానాలతో అమెరికా అట్టుడుకుతున్న రోజులవి. పెప్పర్ అంటే మిరియం. ఆయనకు రెడ్ పెప్పర్ అని పేరు పెట్టారు. అంటే మన ఎండుమిరపకాయ అన్నమాట, రంగులో ఎర్ర పార్టీ అని కొసమెరుపు. ఆయన రష్యావాళ్ల మనిషని చెప్పే ఫొటోల పుస్తకం ఒకటి అచ్చువేసి ఊరూరా పంచారు. స్మాథర్స్ పల్లెల్లో పెద్ద పెద్ద మాటలు వాడి, పెప్పర్ కుటుంబంలో ఏదో తప్పు ఉన్నట్టు అమాయకులను నమ్మించాడని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. అది పత్రికలవాళ్ల కల్పన అని స్మాథర్స్ జీవితాంతం చెప్పాడు. రుజువు చేసినవారికి బహుమతి ఇస్తానన్నాడు. ఎవరూ ఆ బహుమతి పుచ్చుకోలేదు. కాబట్టి అతని మీద ఆ నింద వేయడం న్యాయం కాదు.

ఏమైతేనేం, పెప్పర్ 67 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు నిండబోతున్నాయి. పద్నాలుగేళ్లు సెనేటర్‌గా ఉండి, అధ్యక్షులతో భుజం భుజం రాసుకుని తిరిగిన మనిషి ఇంటికి వచ్చి మళ్లీ ప్లీడరు కోటు తొడుక్కున్నారు. 1958లో సెనేటుకు మరోసారి ప్రయత్నించి మళ్లీ ఓడారు. ఇక పెప్పర్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

పదవి పోయాక వచ్చే నిశ్శబ్దం మనకు కొత్త కాదు. పండగకు కలెక్టరేటు నుంచి వచ్చే స్వీటు పొట్లాం మరుసటి ఏడు రాదు. దారిలో ఎదురైన జూనియరు తల తిప్పుకుంటాడు. పెప్పర్ ఆ నిశ్శబ్దం పన్నెండేళ్లు అనుభవించారు.

62వ ఏట కొత్త నౌకరీ

1960 జనాభా లెక్కల తర్వాత ఫ్లోరిడాకు ప్రతినిధుల సభలో నాలుగు స్థానాలు పెరిగాయి. ఎనిమిది పన్నెండయ్యాయి. మయామి నగర ప్రాంతంలో ఒక కొత్త నియోజకవర్గం ఏర్పడింది. 1962లో పెప్పర్ అక్కడ నిలబడి గెలిచారు. సెనేటర్‌గా చేసినవాడు దిగువసభకు పోటీ చేయడం మన లెక్కలో డిప్యూటీ కలెక్టరు చేసిన మనిషి తిరిగి తహసీల్దారుగా చేరడం లాంటిది. ఆయనకు అది నామోషీ అనిపించలేదు.

అప్పటినుంచి 1988 దాకా వరసగా పద్నాలుగు ఎన్నికలు గెలిచారు. ఒక్కటీ ఓడలేదు. నియోజకవర్గాల హద్దులు మార్చినప్పుడల్లా నంబరు మారింది. మూడవది పదకొండవదైంది, తర్వాత పద్నాలుగవది, చివరికి పద్దెనిమిదవది. మనిషి మాత్రం మారలేదు. ఆ ప్రాంతంలో రెండు రకాల జనం ఎక్కువ. ఉత్తరాది చలికి తట్టుకోలేక వచ్చి స్థిరపడిన విశ్రాంత ఉద్యోగులు ఒకరు, 1959 తర్వాత క్యూబా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు మరొకరు. క్యూబావారి కోసం ఆయన కమ్యూనిస్టు వ్యతిరేక విధానాలను గట్టిగా సమర్థించారు. ఒకప్పుడు ఎర్రవాడని తిట్టించుకున్న మనిషికి కాలం అలా తిరిగింది. 1965లో వృద్ధుల వైద్యానికి మెడికేర్ చట్టం వచ్చినప్పుడు దానికి ఓటు వేశారు. పదిహేనేళ్ల క్రితం ఆయన్ను ఓడించిన కారణాల్లో అటువంటి ఆలోచన కూడా ఒకటి.

అధికారం లేని కమిటీ

ఆయన అసలు పేరు 1977 తర్వాత వచ్చింది. ఆ ఏడాది, 76 ఏళ్ల వయసులో, వృద్ధుల సమస్యలు పరిశీలించే కమిటీకి అధ్యక్షులయ్యారు. ఇందులో ఒక సంగతి గమనించాలి. ఆ కమిటీకి బిల్లు తెచ్చే అధికారం లేదు. విచారణ జరపవచ్చు, సాక్ష్యం వినవచ్చు, నివేదిక రాయవచ్చు. అంతే. మన కార్యాలయాల్లో అలాంటి సీటును పనిష్మెంటు సీటు అంటారు. పెప్పర్ దాన్నే గద్దెగా చేసుకున్నారు.

వృద్ధాశ్రమాల్లో జరిగే దుర్మార్గాలు, ఒకే ముసలమ్మకు అక్కరలేని బీమా పాలసీలు నాలుగైదు అంటగట్టే ఏజెంట్లు, కీళ్లనొప్పులకూ కాన్సరుకూ దొంగమందులు అమ్మేవాళ్లు, ఇవన్నీ ఆ కమిటీ ముందుకు వచ్చాయి. బాధితులే వచ్చి చెప్పుకునేవారు. పత్రికలు, టీవీలు అవి చూపించేవి. రెండు చెవులకూ యంత్రాలు, దళసరి కళ్లద్దాలు, గుండెలో కృత్రిమ కవాటంతో ఆయన ఓపికగా వింటూ కూర్చునేవారు.

ఆ వరసలోనే నిర్బంధ పదవీ విరమణ విషయం వచ్చింది. 65 నిండగానే ఉద్యోగిని పంపేయడం అక్కడి కంపెనీల ఆచారం. 1967 నాటి చట్టం వయసు వివక్ష నుంచి రక్షణ కల్పించినా అది 65 ఏళ్ల దాకానే. 1977లో కమిటీ ముందుకు వచ్చిన సాక్షుల్లో హార్లండ్ శాండర్స్ ఒకరు. ఇప్పుడు మన ఊళ్లలో కూడా కనిపించే కెంటకీ కోడిమాంసం దుకాణాల బోర్డు మీద తెల్లగడ్డంతో ఉండే పెద్దాయన ఆయనే. అప్పటికి 86 ఏళ్లు.

ఆ సెప్టెంబరులో ప్రతినిధుల సభ 359 – 4 ఓట్లతో బిల్లును ఆమోదించింది. అధ్యక్షుడు కార్టర్ 1978 ఏప్రిల్ 6న సంతకం చేశారు. ప్రైవేటు ఉద్యోగాల్లో వయోపరిమితి 65 నుంచి 70 అయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామందికి వయోపరిమితే లేకుండా పోయింది. 1986లో ఆ 70 కూడా ఎత్తేశారు. పోలీసు, అగ్నిమాపకం వంటి కొన్ని ఉద్యోగాలకు మాత్రం మినహాయింపులు మిగిలాయి.

అదే 1983

ఇప్పుడు మన సంగతి చెప్పక తప్పదు. 1983 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. నెలాఖరుకల్లా 55 దాటినవారంతా ఒక్కసారి ఇంటిదారి పట్టారు. నేనప్పుడు జూనియర్ అసిస్టెంటును. మా సూపరింటెండెంటు గారికి 56. పెద్దమ్మాయి పెళ్లికి ముహూర్తం పెట్టుకుని ఉన్నారు. ఆయన చార్జి లిస్టు నా చేత్తోనే రాశాను. రాస్తుంటే ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ కూర్చున్నారు గాని ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఇంటికెళితే మా తమ్ముడు హుషారుగా ఉన్నాడు. డిగ్రీ చదివి మూడేళ్లుగా ఖాళీగా ఉన్నాడు, ఇన్ని ఖాళీలు వస్తే తనకూ ఒకటి దొరుకుతుందని వాడి ఆశ. నేను ఎవరి పక్షం వహించాలో నాకు తెలియలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తగ్గించడం చెల్లుతుందని 1985 జనవరిలో తీర్పు వచ్చింది. ఈలోగా వయసు మళ్లీ 58 అయింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఇంట్లో కూర్చున్న కాలాన్ని మా సూపరింటెండెంటు గారికి ఎవరూ పూర్తిగా తిరిగి ఇవ్వలేకపోయారు. మా తమ్ముడికి ఆ ఖాళీల్లో ఉద్యోగమూ రాలేదు.

ఆ 1983లోనే, ఆ నెలల్లోనే, పెప్పర్ అక్కడ మరో పోరాటంలో ఉన్నారు. 1935లో మొదలైన సోషల్ సెక్యూరిటీ అనే పెన్షను పథకం అక్కడ దాదాపు అందరికీ ఉంటుంది. పనిచేసేవారూ, యజమానులూ కట్టే చందాతో అది నడుస్తుంది. ఆ నిధి జులై నాటికి పూర్తి చెల్లింపులు చేయలేని స్థితికి వచ్చింది. అధ్యక్షుడు రీగన్ 1981లో వేసిన 15 మంది సభ్యుల సంఘంలో పెప్పర్ ఉన్నారు. ధరలకు తగ్గట్టు పెన్షను పెరిగే ఏర్పాటు, అంటే మన డి.ఆర్. వంటిది, ఆరు నెలలు వెనక్కి జరపడానికి ఆయన మనసు చంపుకుని ఒప్పుకున్నారు. అందరికీ పెన్షను ఆగిపోవడం కంటే ఇది నయమని లెక్క వేశారు. చందాలు పెంచడం, అధికాదాయం ఉన్నవారి పెన్షను మీద కొంత పన్ను వేయడం వంటివి కూడా అందులో ఉన్నాయి.

కాని సభలో మరో సవరణ వచ్చింది. పూర్తి పెన్షను వచ్చే వయసును 65 నుంచి క్రమంగా 67కు పెంచాలని. పెప్పర్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. అంతకంటే వచ్చే శతాబ్దంలో చందా కొంచెం పెంచుదామని తన సవరణ పెట్టారు. అది భారీ తేడాతో వీగిపోయింది. వయసు పెంచే సవరణ 228 – 202 ఓట్లతో నెగ్గింది. 1960లో, ఆ తర్వాత పుట్టినవారికి అక్కడ పూర్తి పెన్షను 67కే.

ఇక్కడ నాకు మొదట చిక్కు అనిపించింది. 65 తర్వాత కూడా పని చేయనివ్వాలని పోరాడిన మనిషి, పెన్షను వయసు 65 దాటకూడదని ఎందుకు పోరాడాడు? రెండూ పొసగవు కదా. కొన్నాళ్లు ఆలోచించాక తెలిసింది. బల్ల దగ్గర కూర్చుని రాసేవాడు 70కి కూడా రాయగలడు. అతన్ని పొమ్మనడం అన్యాయం. గనిలోనో, కొలిమి దగ్గరో, ఇటుకబట్టీలోనో నలభై ఏళ్లు చేసినవాడికి 60కే నడుం వంగిపోతుంది. అతన్ని ఇంకా రెండేళ్లు ఆగమనడమూ అన్యాయమే. పని చేయడం హక్కుగా ఉండాలి గాని శిక్షగా ఉండకూడదు. విశ్రాంతి కూడా అంతే. ఇదీ ఆయన రెండు వాదాలకూ మూలం. ఆ దుకాణంలో సంచులు సర్దిన ముసలాయన విషయంలో నాకు కలిగిన సందేహానికి సగం జవాబు ఇదే. ఇష్టపడి వచ్చినవాడైతే అది పెప్పర్ గెలుపు. గతిలేక వచ్చినవాడైతే ఆయన పూర్తి చేయలేకపోయిన పని.

ఆఖరి రోజులు

1979లో భార్య మిల్డ్రెడ్ కాన్సరుతో పోయారు. పెప్పర్ ఆ తర్వాత ఒంటరిగానే ఉన్నారు. 1983లో, ఏ బిల్లు ఎప్పుడు ఏ షరతులతో సభకు రావాలో నిర్ణయించే రూల్స్ కమిటీకి అధ్యక్షులయ్యారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వేసింది. అదే పత్రిక 1938 మే నెలలో కూడా ఆయన బొమ్మ వేసింది. నడుమ 45 ఏళ్లు.

గెలుపుతోనే కథ ముగిసిందని అనుకోకండి. మంచం పట్టిన వృద్ధులకూ, దీర్ఘరోగులకూ ఇంటిదగ్గరే పరిచర్య దొరికేలా ఒక బిల్లు తెచ్చారు. 1988 జూన్‌లో అది చర్చకే రాకుండా 243 – 169 ఓట్లతో సభ తిప్పికొట్టింది. ఖర్చు ఎక్కువన్నారు, సంబంధిత కమిటీలను తప్పించి తెచ్చారన్నారు. రెండో ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. అదే ఏడాది నవంబరులో వైద్య, జీవశాస్త్ర సమాచారమంతా ఒకచోట చేర్చే జాతీయ కేంద్రం ఏర్పాటుకు ఆయన పెట్టిన బిల్లు చట్టమైంది. 2020లో కొవిడ్ వైరస్ జన్యు వివరాలను ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు చూసుకున్న చోట్లలో ఆ కేంద్రపు ఖజానా ఒకటి. 88 ఏళ్ల ముసలాయన వేసిన విత్తనం, ఆయన పోయిన ముప్పై ఏళ్లకు మనకూ ఉపయోగపడింది.

1989 మే నెలలో అధ్యక్షుడు బుష్ ఆస్పత్రికి వెళ్లి, ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఆయనకు అందజేశారు. మే 30న పెప్పర్ కన్నుమూశారు. పార్లమెంటు భవనపు గుమ్మటం కింద ఆయన పార్థివదేహాన్ని ప్రజల దర్శనార్థం ఉంచారు. అది అక్కడ బహు కొద్దిమందికి దక్కిన గౌరవం. తల్లహాసీ నగరంలో భార్య పక్కనే సమాధి చేశారు. ఆగస్టులో జరిగిన ఉప ఎన్నికలో ఆ స్థానం ఎదుటి పార్టీకి పోయింది. క్యూబాలో పుట్టిన ఇలియానా రోస్ లెటినెన్ గెలిచారు. 2000 సంవత్సరంలో పెప్పర్ బొమ్మతో తపాలాబిళ్ల వేశారు.

మన వంతు

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయతో పెట్టే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. ఆ రోజునే మనం ఏటా పండగ చేసుకుంటున్నాం. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మన పిల్లలకు ఆ పాత పెన్షను లేకుండా పోయిందన్న దిగులు ప్రతి సమావేశంలోనూ వింటున్నాం. మనం ఏం చేయగలం, ఓటు తప్ప అధికారమేముంది అని చాలామంది నిట్టూరుస్తారు.

పెప్పర్ కమిటీకి కూడా అధికారం లేదు. అది చేసింది మూడు పనులు. బాధితుణ్ణి కూర్చోబెట్టి విన్నది, విన్నది కాగితం మీద పెట్టింది, ఆ కాగితాన్ని నలుగురికీ చూపించింది. ఈ మూడూ మనకు చేతనైన పనులే. ముప్పై అయిదేళ్లు చేసింది అదే కదా. భర్త పోయిన ఇల్లాలు కుటుంబ పెన్షను కాగితాలు పట్టుకుని ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో తెలియక తిరుగుతుంటుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని నెలల తరబడి తిప్పుతుంటారు. మనలో డ్రాఫ్టు రాయగలవాళ్లు ఎందరో ఉన్నారు.

నేను వచ్చే నెలనుంచి ప్రతి మంగళ, శుక్రవారాలు ఉదయం పదినుంచి పన్నెండు దాకా సంఘ కార్యాలయంలో కూర్చుంటాను. కాగితాలతో వచ్చినవారికి అర్జీ రాసిపెడతాను. కళ్లు కొంచెం మందగించాయి గాని చేతిరాత ఇంకా బాగానే ఉంది. తోడు వచ్చేవారు ఎవరైనా ఉంటే కార్యదర్శిగారికి పేరు ఇవ్వగోరుతాను. వయోపరిమితి ఏమీ లేదు.